వసారాలో చిలక – ఒక పాత ఫైలు



ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి పంపమని సంపాదకవర్గం వారు కబురు పెట్టారు. పే రివిజన్ల గురించీ, కరువు భత్యం బకాయిల గురించీ నాకంటే బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ఈసారి చిలక గురించి రాస్తాను. నవ్వుకోకండి. చివరిదాకా చదివితే, ఇదీ ఒక బకాయి సంగతేనని మీకే తెలుస్తుంది.

మొన్న సంక్రాంతికి పిల్లలు వచ్చారు. పదేళ్ల మా మనవరాలు, "తాతయ్యా, నాకో చిలకను కొనిపెట్టవూ" అని పట్టుబట్టింది. "అంతగా అడుగుతోంది కదా నాన్నా, తెచ్చిస్తే పోలా" అన్నాడు మా అబ్బాయి. "ఆగండి, నోటు పెట్టి చెబుతాను" అన్నాను. ముప్పై ఆరేళ్ల గుమాస్తా ఉద్యోగం చేసినవాణ్ణి. 2008లో రిటైరయినా పూర్వాపరాలు చూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టే అలవాటు పోలేదు. ఆ నోటే ఇది.

ముందు పూర్వాపరాలు. చిలకను ఇంట్లో పెంచడం మనకు నిన్నా మొన్నా వచ్చిన సరదా కాదు. పర్షియా చక్రవర్తి ఆస్థానంలో క్టీసియస్ అనే గ్రీకు వైద్యుడు ఉండేవాడు. సుమారు 2,400 ఏళ్ల కిందట ఆయన భారతదేశం గురించి ఒక గ్రంథం రాస్తూ, అక్కడ మనిషిలా మాట్లాడే పక్షి ఉందనీ, అది ఆ దేశపు భాష మాట్లాడుతుందనీ, నేర్పితే గ్రీకు కూడా మాట్లాడుతుందనీ చెప్పాడు. తరువాత అలెగ్జాండరు దండయాత్రతో మన చిలకలు గ్రీసు దేశానికి చేరాయని అంటారు. భుజాల మీద ఎర్రమచ్చ ఉండే పెద్దజాతి చిలకకు ఇంగ్లీషువారు పెట్టిన 'అలెగ్జాండ్రిన్' అనే పేరు ఆయన మీదుగా వచ్చినదే.

మన గ్రంథాల్లో అయితే చిలక లేని చోటు లేదు. మన్మథుడి వాహనం చిలక. మధుర మీనాక్షి చేతిలో చిలక. వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళల్లో చిలకలకూ గోరువంకలకూ మాటలు నేర్పడం ఒకటి. ఏడవ శతాబ్దంలో బాణుడు రాసిన కాదంబరి కథను రాజసభలో చెప్పేది వైశంపాయనమనే చిలక. మండనమిశ్రుని ఇల్లు ఏదని శంకరాచార్యులవారు దారిలో అడిగితే, ఏ వాకిట్లో పంజరంలోని చిలకలు శాస్త్రవాదం చేస్తుంటాయో అదే ఆయన ఇల్లు అని నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు చెప్పారని కథ.

ఇక శుకసప్తతి సంగతి. దేశాంతరం పోయిన యజమాని ఇల్లాలు గడప దాటకుండా చిలక రాత్రికొక కథ చొప్పున డెబ్బై కథలు చెబుతుంది. దీన్ని తెలుగులో పదిహేడవ శతాబ్దంలో పాలవేకరి కదిరీపతి కావ్యంగా రాశాడు. అంతకు ముందే, 1330 ప్రాంతంలో, నఖ్షబీ అనే ఆయన ఈ కథల ఒరవడిలో పారశీకంలో 'తూతీనామా' రాశాడు. అక్బరు చక్రవర్తి దానికి బొమ్మలు వేయించాడు. ఆ ప్రతిలో చాలా భాగం ఇప్పుడు అమెరికాలోని క్లీవ్‌లాండ్ మ్యూజియంలో ఉంది.

శ్రీవిల్లిపుత్తూరులో ఆండాళ్ అమ్మవారి చేతిలోనూ చిలక ఉంటుంది. కానీ దాన్ని ఏ రోజుకారోజు పచ్చి ఆకులతో చేస్తారు, ముక్కుకు దానిమ్మ పువ్వు పెడతారు. ప్రాణమున్న చిలకను అక్కడ ఎవరూ కట్టిపెట్టరు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

మన మాటల్లో కూడా ఈ పక్షి ఎంత గూడు కట్టుకుందో చూడండి. చొక్కా తగిలించేది చిలక్కొయ్య. తాంబూలం చుడితే ఆకుచిలక. రంగు చిలకపచ్చ. మంచి జంటను చిలకాగోరింకలంటాం. పిల్లవాడికి నచ్చజెబితే చిలక్కి చెప్పినట్టు చెప్పానంటాం. అర్థం తెలియకుండా వల్లించేవాడివి చిలకపలుకులంటాం. చిలక కొట్టిన జామకాయ తియ్యగా ఉంటుందని చెట్టెక్కి వెతికి కోసుకున్న రోజులు మనందరికీ ఉన్నాయి.

అయితే ప్రేమ ఒక పక్క, తగువు ఇంకో పక్క. మాది గుంటూరు జిల్లాలో మెట్ట ప్రాంతం. జొన్న కంకి పాలు పోసుకునే వేళకు చిలకల గుంపులు చేల మీద పడేవి. తిన్నదానికంటే కొరికి పడేసేది ఎక్కువ. పిల్లలం మంచె మీద కూర్చుని వడిసెలలు తిప్పేవాళ్లం, డబ్బాలు మోగించేవాళ్లం. పొద్దంతా చిలకలను తరిమి, సాయంత్రం ఇంటికి వచ్చి వసారాలో పంజరంలో ఉన్న చిలకకు అవే జొన్నలు పెట్టేవాణ్ణి. అందులో విచిత్రమేమీ ఆ రోజుల్లో నాకు కనపడలేదు.

మా చిలక 1964లో వచ్చింది. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. తాడిచెట్టు తొర్రలోంచి ఎవరో తీసిన పిల్లను మా నాన్నగారు రూపాయో, రూపాయిన్నరో ఇచ్చి తెచ్చారు. ఒంటి మీద ఈకలు కూడా సరిగా లేవు. నానబెట్టిన శనగపప్పు నూరి వేలితో పెట్టి బతికించారు. మూడో ఏట మెడ చుట్టూ నల్లని గీత, దాని వెనక గులాబీరంగు హారం వచ్చాయి. ఆ హారం మగచిలకకే వస్తుంది. అప్పటిదాకా 'చిట్టి' అని పిలిచిన దాన్ని అప్పటినుంచి 'రాముడు' అన్నారు.

దానికి పెట్టినవి జామకాయ, నానిన శనగలు, జొన్నలు, పచ్చిమిరపకాయ. మిరపకాయ సంగతి ఒకటి చెప్పాలి. కారం మంట మనకు తెలిసినట్టు పక్షులకు తెలియదు, వాటి నాలుకకు ఆ స్పర్శే లేదు. అందుకే అంత ఇష్టంగా తింటుంది. ఇంకో మాట. మిరప మన దేశానికి వచ్చింది పోర్చుగీసువాళ్ల రాక తర్వాత. చిలకా పచ్చిమిరపకాయా అనాదిగా వస్తున్న జంట అనుకుంటాం కానీ, కాదంబరిలో చిలక మిరపకాయ ముఖం ఎరగదు.

రాముడు అచ్చం మా అమ్మ గొంతుతో, "అబ్బాయ్, వచ్చావా" అనేవాడు. 1972లో నాకు ఉద్యోగం వచ్చి వేరే ఊళ్లో ఉండేవాణ్ణి. సెలవుకు ఇంటికి వెళితే నేను వీధి గుమ్మం దాటకముందే ఆ మాట వినపడేది. దానికి అర్థం తెలిసి అనేదా, ఉత్త చిలకపలుకేనా అని మా ఇంట్లో వాదన. ఈమధ్య తెలుసుకున్న సంగతి ఏమిటంటే, అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1977 నుంచి అలెక్స్ అనే ఆఫ్రికా బూడిదరంగు చిలకకు పాఠాలు చెప్పారు. అది 2007లో చనిపోయేనాటికి రంగులు, ఆకారాలు గుర్తుపట్టి పేర్లు చెప్పగలిగేది, ఆరు వరకు లెక్కపెట్టగలిగేది. కాబట్టి చిలకపలుకులు అనే మాటను ఇకమీదట కొంచెం జాగ్రత్తగా వాడాలి.

ఇప్పుడు నా సంగతి. 1976 సంక్రాంతి సెలవులకు వెళ్లాను. సాయంత్రం వేళ రాముణ్ణి పంజరంలోంచి తీసి వసారాలో వదిలేవాళ్లం. అంతకు ముందు ఒకసారి ఎగిరి పక్కింటి పెంకు కప్పు మీద కూర్చుంటే నాన్నగారు రాత్రంతా నిద్రపోలేదు. మళ్లీ అలా జరగకూడదని, ఎవరికీ చెప్పకుండా, అమ్మ కత్తెర తీసుకుని దాని కుడి రెక్కలో పెద్ద ఈకలు అయిదారు కత్తిరించాను. నొప్పి ఉండదని ఎవరో చెప్పారు. నిజమే, గోరు తీసినట్టే ఉంటుంది. నాన్నగారికి కంట్లో శుక్లాలు, ఆయన చూడలేదు. నేనూ సెలవు అయిపోయి వెళ్లిపోయాను.

ఆ ఏడు శ్రీరామనవమికి మళ్లీ వచ్చాను. పందిట్లో రామదాసు చరిత్ర హరికథ. కంచర్ల గోపన్న గారు మనవాడే, అంటే రెవెన్యూ శాఖ మనిషే. పాల్వంచ పరగణా తహసీల్దారు. శిస్తు సొమ్ము వెచ్చించి భద్రాచలంలో గుడి కట్టించి, ఆడిటు అభ్యంతరంలో చిక్కుకున్నాడని మనం సరదాగా చెప్పుకోవచ్చు. తానీషా (1672లో గద్దెనెక్కి, 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచేదాకా ఏలినవాడు) ఆయనను చెరలో పెట్టించాడు. గోల్కొండ కోటలో రామదాసు బందీఖానా అని ఇప్పటికీ చూపిస్తారు. అంతటి భక్తుడికి పన్నెండేళ్ల చెర ఎందుకు వచ్చిందంటే, పూర్వజన్మలో ఒక చిలకను పన్నెండేళ్లు పంజరంలో బంధించాడు, ఆ పాపం అనుభవించక తప్పలేదు అని కథ. ఇది చరిత్ర కాదు, జనం చెప్పుకునే మాట. కానీ చిలకను ఇంత ముద్దు చేసిన జాతి, పంజరం తప్పని కూడా తనకు తానే చెప్పుకుందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

హరికథ విని ఇంటికి వచ్చిన నాన్నగారు అన్నం తినలేదు. 1964 నుంచి 1976కు వేళ్ల మీద లెక్కపెట్టారు. సరిగ్గా పన్నెండు. మర్నాడు సాయంత్రం నన్ను పిలిచి, "అబ్బాయ్, పంజరం తలుపు తియ్యి" అన్నారు.

అప్పుడు నేను నోరు విప్పి చెప్పాల్సింది. "నాన్నగారూ, రెక్క కత్తిరించాను, ఇప్పుడు వద్దు" అంటే సరిపోయేది. చెప్పలేదు. చెబితే కోప్పడతారని భయం. అసలు కాగితం ఫైల్లో పెట్టకుండా పై అధికారి చేత సంతకం చేయించిన గుమాస్తాలా తలుపు తీశాను.

రాముడు ముక్కుతో పట్టుకుంటూ పంజరం మీదికి ఎక్కాడు. నాన్నగారు "వెళ్లరా" అన్నారు. ఎగరబోయి ఒక పక్కకు ఒరిగి నూతి పళ్లెం దగ్గర పడ్డాడు. "అలవాటు తప్పింది పాపం" అని నాన్నగారు నవ్వారు. తరువాత మెల్లగా నడిచి, ముక్కూ కాళ్లూ ఊతం చేసుకుని మునగచెట్టు ఎక్కాడు. చీకటి పడేవేళకు పైనుంచి "అబ్బాయ్, వచ్చావా" అని రెండు మూడుసార్లు అన్నాడు. నిచ్చెన వేసి దింపుదామా అని నేను లేచాను. "పిలవకు, దాని ఇష్టం" అన్నారు నాన్నగారు. కూర్చున్నాను.

తెల్లవారేసరికి చెట్టు కింద ఈకలున్నాయి. గండుపిల్లి పని. నాన్నగారు వంగి ఈకలు ఏరారు. "దాని ఋణం అంతే" అన్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆయన 1983లో పోయారు. పెట్టె సర్దుతుంటే 1976 నాటి పంచాంగంలో ఒక పచ్చని ఈక కనపడింది. దాని కొస కత్తెరతో కోసినట్టు తిన్నగా ఉంది. ఆయనకు తెలుసో, తెలియక దాచారో నాకు తెలియదు. అడగడానికి ఆయన లేరు. ఈ సంగతి మా ఆవిడకు కూడా ఇన్నాళ్లూ చెప్పలేదు.

తరువాత నేను చదివి తెలుసుకున్నది ఏమిటంటే, కత్తిరించిన ఈకలు శాశ్వతంగా పోవు. పక్షి పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకునే కాలం వచ్చేదాకా, కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది, ఆగాలి. ఆ తరువాత కూడా రెక్కలకు బలం వచ్చేదాకా పెద్ద గదిలో ఎగరనివ్వాలి. మేత వెతుక్కోవడం, డేగకూ పిల్లికీ తప్పుకోవడం గుంపులో ఉండి నేర్చుకునేవి. పిల్లప్పుడే తొర్రలోంచి తీసినదానికి అవి ఎవరు నేర్పారు? మేము దాన్ని విడిచిపెట్టామనుకున్నాం. నిజానికి పారేశాం.

ఇక చట్టం సంగతి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. ఆ తరువాత చాలా ఏళ్లు కూడా బజార్లలో చిలకలను బాహాటంగానే అమ్మేవారు. 1990–91 నుంచి మన దేశపు అడవి పక్షులను పట్టడం, అమ్మడం పూర్తిగా నిషిద్ధం. 2022లో చట్టాన్ని సవరించారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అందులో రామచిలుక రెండవ షెడ్యూలులో ఉంది. అనుమతి లేకుండా పెంచితే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పట్టుబడిన పక్షి ప్రభుత్వ ఆస్తి. బస్టాండు దగ్గర కార్డు తీసిపెట్టే జోస్యం చిలకకూ ఇదే వర్తిస్తుంది.

ఇంకొక విశేషం. ఉమ్మడి రాష్ట్రానికి పాలపిట్ట రాష్ట్రపక్షి. విభజన తరువాత పాలపిట్ట తెలంగాణకు రాష్ట్రపక్షి అయింది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రామచిలుకను తన రాష్ట్రపక్షిగా ప్రకటించింది. తొర్రలోంచి తీసి రూపాయికి అమ్మిన పక్షికి నా కళ్ల ముందే ఆ హోదా వచ్చింది. ఇంతకంటే పెద్ద ప్రమోషను నా సర్వీసులో నేను చూడలేదు.

మా అబ్బాయి, "అయితే లవ్ బర్డ్స్ తెద్దాం, వాటికి ఆ చట్టం లేదుగా" అన్నాడు. నిజమే, ఆ నిషేధం వాటికి వర్తించదు. మన బజారులో లవ్ బర్డ్స్ అని అమ్మేవి చాలావరకు బడ్జరిగార్లు. అవీ చిన్నరకం చిలకలే. వాటి పుట్టిల్లు ఆస్ట్రేలియా. జాన్ గౌల్డ్ అనే ఆయన 1840లో వాటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తెచ్చాడు. అడవిలో అవి పచ్చనివే. నీలం, తెలుపు, పసుపుపచ్చ రంగులు మనుషులు పెంపకంలో సాధించినవి. ఇవాళ అమ్మేవి తరతరాలుగా పంజరాల్లోనే పుట్టినవి.

కానీ చట్టం ఒప్పుకున్నంత మాత్రాన పని అయిపోదు. వాటికి ఏం కావాలో కూడా నోటులో రాశాను. ఒంటరిగా ఉంచకూడదు, జంటగా ఉండాలి. పంజరం ఎత్తుకంటే పొడవు ముఖ్యం, రెక్క విప్పి అటూ ఇటూ ఎగరాలి. ఉత్త కొర్రలూ గింజలూ వేస్తే కొవ్వు పడుతుంది. తోటకూర, కొత్తిమీర, క్యారెట్ ముక్క రోజూ ఉండాలి. ముక్కు అరగదీసుకోవడానికీ సున్నానికీ సముద్రపు నురుగు ముక్క తగిలించాలి. నీళ్లు రోజూ మార్చాలి. రాత్రి పది, పన్నెండు గంటలు చీకటీ నిశ్శబ్దమూ కావాలి. టీవీ గదిలో పెడితే అది దొరకదు. గదిలో వదిలేముందు సీలింగ్ ఫ్యాను కట్టేయాలి. నాన్‌స్టిక్ పెనం మాడిన పొగ వాటి ప్రాణం తీస్తుంది, కాబట్టి వంటింట్లో ఉంచకూడదు. రెట్ట ఎండి దుమ్ముగా లేవకముందే తడిపి తుడవాలి, దానివల్ల మనుషులకు ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. పలకరించేవాళ్లు లేకపోతే చిలకజాతి పక్షులు తమ ఈకలు తామే పీక్కుంటాయి.

మన వయసువాళ్లకు ఇంకో మాట. పెద్దజాతి చిలకలు పెంపకంలో పాతికేళ్లు, అంతకంటే ఎక్కువ కూడా బతుకుతాయి. మనల్ని ఏటా లైఫ్ సర్టిఫికెట్ అడుగుతున్నారు. మన తరువాత దాన్ని ఎవరు చూస్తారన్నది కొనకముందు ఆలోచించాలి.

ఈ నోటంతా మనవరాలికి చదివి వినిపించాను. కత్తెర సంగతి కూడా దాచలేదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మరి నువ్వు సారీ చెప్పలేదా తాతయ్యా" అంది. ఎవరికి చెప్పను?

మర్నాడు ఇద్దరం కలిసి రైతుబజారు నుంచి జొన్న కంకులు తెచ్చి, పూర్వం వసారాల్లో పిచ్చుకలకు ధాన్యపు కుచ్చులు కట్టినట్టు బాల్కనీలో కట్టాం. మట్టి మూకుడులో నీళ్లు పెట్టాం. మూడు రోజులు ఏ పక్షీ రాలేదు. నాలుగో రోజు పొద్దున్నే నాలుగు చిలకలు వచ్చాయి. తిన్నదానికంటే కింద పారేసింది ఎక్కువ, పాత అలవాటు. మనవరాలు నోటుబుక్కులో తేదీ వేసి రాసుకుంది. ఊరికి వెళ్లాక రోజూ ఫోనులో, "ఇవాళ ఎన్ని వచ్చాయి" అని అడుగుతోంది. నేను రిపోర్టు ఇస్తున్నాను.

మిత్రులకు నా మనవి ఒక్కటే. మీ ఇంట్లోనో, మీ ఎరుకలోనో ఎక్కడైనా పంజరంలో రామచిలుక ఉంటే, పుణ్యం వస్తుందని తలుపు తీసి గాలికి వదిలేయకండి. అటవీశాఖవారికి కబురు చేసి అప్పగించండి. రెక్క కత్తిరించి ఉంటే ఆ మాట దాచకుండా చెప్పండి.

ఇది నా నోటు. ఉత్తర్వులు మా మనవరాలివి.